పోలమ్మ సుఖపడిన మూడు రోజులు

కోడలు ఇంట్లో లేని మూడు రోజులూ పోలమ్మ సుఖంగా ఉందట.

రిపోర్టులో అలాగే ఉంది. వ్యథామాపక కేంద్రం వాళ్ళు పంపిన కాగితం మీద ఒక నీలం గీత మొదట ఎగుడుదిగుడుగా నడిచి, తర్వాత నేలబారుగా సాగిపోయింది. దాని కింద "కష్టం లేదు, స్థితి: సుఖం" అని అచ్చు వేశారు. ఆ కాగితాన్ని నేను ఒకసారి చదివి మడిచేసి, నమ్మకం కుదరక మళ్ళీ విప్పి చదివాను. తల నెరిసేదాకా కోర్టుల చుట్టూ తిరిగినదాన్ని, అబద్ధాలు నాకు కొత్త కాదు. మనిషి చెప్పిన అబద్ధమైతే బోనులో నిలబెట్టి నాలుగు ప్రశ్నలు వేయవచ్చు. మిషనును ఏమని అడుగుతాం?

ఎదురుగా బెంచీ మీద వరాలు కూర్చుని ఉంది. తిప్పి పంపబోయేది ఆమెనే.

"ఏటి రాసినారమ్మా?" అని అడిగింది.

"నువ్వు లేకపోతే మీ అత్త సుఖంగా ఉందట."

"పోన్లెండమ్మా. అంటే సూది ఏలకి ఏయించుకున్నాదన్నమాట" అంది. నిజంగానే ఆమె మొహం తేలికపడింది. కేసు ఓడిపోతున్న క్లయింటు నా ముందు కూర్చుని ఊరట పడుతుంటే, ఏ దేవుడికి చెప్పుకోవాలో నాకు తెలియలేదు.

వరాలు పుట్టింది రంగూన్‌లో, తెలుగువాళ్ళ పేటలో. ముత్తాత విశాఖలో ఓడెక్కి అక్కడి ధాన్యం మిల్లుల్లో మూటలు మోయడానికి వెళ్ళాడు. అక్కడ గొడవలు ముదిరినప్పుడు, పరికిణీ కట్టే వయసులో, మేనమామ చెయ్యి పట్టుకుని ఇక్కడికి వచ్చిపడింది. ఇక్కడే బర్మా కాలనీలో పెరిగి, పడవల ఇంజన్లు బాగుచేసే దానయ్యను పెళ్ళి చేసుకుంది. ఆ పెళ్ళి అమ్మవారి గుడి ముందు జరిగింది. రిజిస్టరు చేయించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఓ తుపానులో దానయ్య ఎక్కిన పడవ తిరిగి రాలేదు. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఇద్దరే ఆడవాళ్ళు: వరాలు, దానయ్య తల్లి పోలమ్మ. పోలమ్మకు చక్కెర జబ్బు, కళ్ళలో పొర. రెండుపూటలా సూది వేసేది, చెయ్యి పట్టుకుని నడిపించేది, వండిపెట్టేది వరాలే.

ఇంతలో కొత్త చట్టం వచ్చింది. పత్రాలు లేనివాళ్ళను పుట్టిన దేశానికి తిప్పి పంపాలి. చట్టంలో ఒకే ఒక కిటికీ వదిలారు. పంపబోయే మనిషి మీద ఆధారపడిన పౌరులెవరైనా ఉండి, ఆ ఎడబాటు వల్ల వాళ్ళకు "మామూలుకు మించిన కష్టం" కలిగితే ఆపవచ్చు. విడిపోతే ఎవరైనా ఏడుస్తారు, అది మామూలు కష్టం, లెక్కలోకి రాదు. మించినదే కావాలి. మామూలు ఎక్కడ ఆగుతుందో, మించినది ఎక్కడ మొదలవుతుందో తేల్చలేక లాయర్లమూ జడ్జీలూ కొన్నాళ్ళు కొట్టుకు చచ్చాం. ఆ గొడవ తీర్చడానికే వ్యథామాపకం వచ్చింది. జనం దాన్ని ఏడుపు మిషను అంటారు. నేనూ అదే అంటాను.

రిపోర్టు పట్టుకుని అదే రోజు ఆ మిషను పుట్టిన ప్రయోగశాలకు వెళ్ళాను. దాన్ని తయారుచేసిన డాక్టర్ నిరుపమ నాకంటే బాగా చిన్నది. కోపంతో వచ్చే లాయర్లు ఆమెకు అలవాటే అనుకుంటాను, కుర్చీ చూపించి, ఏమీ అడగకుండా నా మణికట్టుకు గాజు లాంటి పట్టీ ఒకటి తొడిగింది. చెవి వెనక బొట్టుబిళ్ళంత ముక్క అంటించింది. గోడ మీది అద్దంలో నీలం గీత ఒకటి నడవడం మొదలుపెట్టింది. దానికి పైన, అందనంత ఎత్తులో, ఎర్ర గీత ఉంది.

"మీకు కోపం తెప్పించే విషయం ఏదైనా తలుచుకోండి" అంది.

"తలుచుకోవడం దేనికి? మిమ్మల్ని చూస్తున్నానుగా."

నీలం గీత గంతేసి ఎర్ర గీతను దాదాపు తాకి వచ్చింది. నిరుపమ నవ్వలేదు. "నాడి, చెమట, రక్తంలో కలిసే రసాలు, నిద్ర, ఇవన్నీ కలిపి శరీరం ఎంత బరువు మోస్తోందో ఇది చెబుతుంది. ఎందుకు మోస్తోందో దీనికి తెలియదు. మనిషి ఇంట్లో ఉన్నప్పుడు కొన్నాళ్ళు చూస్తాం. మనిషిని తీసేసి మూడు రోజులు చూస్తాం. ఆ మూడు రోజుల్లో గీత పైకి లేచి ఎర్రదాన్ని దాటితే మామూలుకు మించిన కష్టం. పోలమ్మ గారి గీత లేవలేదు. కిందికి దిగింది" అంది.

"కిందికి దిగితే దాని పేరు సుఖమా? ఎవరు పెట్టారు ఆ పేరు?"

"నేనే పెట్టాను. పాలు తాగి పడుకున్న పిల్లలకి, సెలవు మీద ఊరెళ్ళినవాళ్ళకి గీత అలాగే ఉంటుంది మరి."

ఆ అమ్మాయి చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. దాంతో కోపం ఇంకా పెరిగింది. దొరకని తప్పు ఇంట్లో దొరుకుతుందేమోనని బర్మా కాలనీకి బయల్దేరాను.

సందు మొదట్లో ఉండగానే పోలమ్మ గొంతు వినిపించింది.

"ఒలే, ఇది సేపల పులుసా? అరటిదవ్వ ఏసినావు, ఇంక అరటి తొక్కలు కూడా ఏసీలేపోయావా?"

"ఏత్తాను. రేపు ఏత్తాను. నాలిక మీద రుసి సచ్చిపోయినోలకి ఏటేసినా ఒకటే."

"నా రుసి కాదే, నీ సెయ్యి సచ్చింది. మీ బర్మావోలు సేపని ఏం సేసీసినార్రా బాబూ. సింతపండెక్కడున్నాదే ఇందులో?"

"నీ మాటల్లో ఉన్నాది పులుపంతాను. కలుపుకుని తిను."

లోపలికి వెళ్ళాను. పోలమ్మ నేల మీద పీట వేసుకుని కూర్చుని, మసక కళ్ళతో కంచంలోకి వంగి, తిట్టుకుంటూ తింటోంది. తినడమంటే మామూలుగా కాదు, ఊడ్చి తింటోంది. వరాలు గరిటె పట్టుకుని నిలబడి, అడగకముందే రెండోసారి వడ్డించింది. "సాలే, సంపుతావేటి" అంటూనే ముసలామె దాన్నీ ముగించింది. కేసు తేలేదాకా తీయకూడదని ఆమె మణికట్టు మీద ఉంచిన పట్టీ దీపం ఆగకుండా మినుకుమంటోంది. దీపం అంత వేగంగా కొట్టుకుంటోందంటే గీత ఎర్రదాని అంచుల్లో ఉన్నట్టని నిరుపమ చెప్పింది.

అప్పుడు నాకు అర్థమైంది, అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ అత్తాకోడళ్ళు పొద్దున లేచిన దగ్గర్నుంచి పోట్లాడుకుంటారు. ముసలామె గుండె కొట్టుకుంటుంది, ఒళ్ళు వేడెక్కుతుంది, మిషను దాన్నంతా బరువు అని రాసుకుంటుంది. కోడలు లేకపోతే పోట్లాట లేదు. పోట్లాట లేకపోతే బరువు లేదు. బరువు లేకపోతే సుఖం.

"నువ్వు లేని మూడు రోజులూ ఈవిడ ఎలా ఉంది? ఎవరైనా చూశారా?" అని వరాలును అడిగాను. ఆ మూడు రోజులూ వరాలు మా ఆఫీసు పైగదిలో ఉంది.

జవాబు పక్కింటావిడ చెప్పింది. నన్ను చూసి అప్పటికే గుమ్మంలోకి వచ్చేసింది. "ఇది మూడ్రోజులికీ సరిపడా వండి, గిన్నెలకి మూతలెట్టి, సూది ఏలకి నన్ను రమ్మని సెప్పి మరీ ఎల్లిందమ్మా. ఏటి లాభం? ముసల్ది తిన్నట్టు సేసి కాకులకి ఏసీసింది. ఒక్క మాట లేదు. గోడేపు తిరిగి తొంగున్నాది. నాను సూది ఏత్తే ఎవురే అని కూడా అడగలేదు."

"తిన్నాను" అంది పోలమ్మ కటువుగా. "బాగానే తొంగున్నాను. ఇది లేపోతే ఇల్లు పెశాంతంగా ఉన్నాది."

వరాలు గరిటె కంచం మీద ఠంగుమని పెట్టింది. "ఇన్నారా అమ్మా? ఆ మిషను నిజమే సెప్పింది."

గోడవైపు తిరిగి పడుకున్న మనిషిని ఆ పట్టీ గాఢనిద్ర అనుకుంది. మూతలు పెట్టిన గిన్నెల గురించి రిపోర్టులో విడిగా ఓ మాట కూడా ఉంది: "సంరక్షణ ఏర్పాట్లు తృప్తికరంగా ఉన్నాయి." మన ఆడవాళ్ళు పొరుగూరు పెళ్ళికి వెళ్ళినా ఇంట్లోవాళ్ళకు పప్పు, పచ్చడి చేసిపెట్టి గాని గడప దాటరు. వరాలు అలాగే చేసింది. అత్తకు కష్టం కలగకూడదని చేసిన ప్రతి పనీ, అత్తకు కష్టం లేదని చెప్పే సాక్ష్యమైపోయింది.

చట్టం ప్రకారం ఇంకొక్కసారి కొలిపించుకోవచ్చు. నేను ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. "మళ్ళీ కొలిచేదాకా మీరిద్దరూ పోట్లాడుకోకూడదు. తిట్లు వద్దు, సాధింపులు వద్దు. మర్యాదగా మాట్లాడుకోండి. ఇంట్లో ఇద్దరూ ఉన్నప్పుడు గీత కింద ఉండాలి, వరాలు వెళ్ళినప్పుడు పైకి లేవాలి. అర్థమైందా?"

"అదెంత పని" అంది పోలమ్మ. "దాని నోరు మూయించండి సాలు."

నా తెలివికి నేనే మురిసిపోయాను.

కొన్నాళ్ళాగి చూడ్డానికి వెళ్ళాను. సందులో చప్పుడు లేదు. ఇల్లు కడిగిన ముత్యంలా ఉంది. వరాలు కంచం పెట్టి, "అత్తయ్యగారూ, వడ్డించమంటారా?" అంది. పోలమ్మ తల వంచుకుని, "అలాగేనమ్మా" అంది. రెండు ముద్దలు కలిపి, "సాలమ్మా, బాగున్నాది" అని కంచం జరిపేసింది. నేను ఇంకో ఇంటికి వచ్చానేమో అనిపించింది.

వరాలు నీళ్ళకు పెరట్లోకి వెళ్ళగానే ముసలామె నా చెయ్యి వెతికి పట్టుకుంది. ఆ వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"లాయరమ్మా, దానికేటైనా పెద్ద జబ్బా? నాకు సెప్పకుండా దాసీనారా?"

"లేదు. ఎందుకలా అడుగుతున్నారు?"

"పోయేముందు మా దానయ్య ఇలాగే మంచిగ మాటాడినాడు. ఆ పొద్దు పడవెక్కేముందు అమ్మా, కూసో, కాలు నొక్కుతానన్నాడు. ఎప్పుడూ అలా అన్నోడు కాదు. మంచిగ మాటాడేవోలు ఉండరమ్మా."

నేను ఏదో చెప్పి బయటికి వచ్చాను. పెరట్లో వరాలు బకెట్ నిండిపోతున్నా చూసుకోకుండా నిలబడి ఉంది.

"మాయత్తకి నా మీద మనసిరిగిపోనాదమ్మా" అంది. "నిన్న పులుసులో కావాలనే ఇంత దవ్వ ఏసినాను. ఒక్క మాట అన్లేదు. బాగున్నాదమ్మా అన్నాది. నన్ను సుట్టాన్ని సేసీసింది."

ఇంకొన్నాళ్ళే ఓపిక పట్టమన్నాను. ఆ మాట చెబుతున్నప్పుడే నా గొంతు నాకు నచ్చలేదు. అయినా చెప్పాను. కేసు గెలవాలి కదా.

రెండో రిపోర్టు గోరుచుట్టు మీద రోకటిపోటు. ఇంట్లో మర్యాదగా ఉన్న రోజుల్లోనే పోలమ్మ గీత ఎర్రదాన్ని దాటి పైనే తిరిగింది. వరాలు మళ్ళీ మా పైగదికి వెళ్ళిన మూడు రోజులూ గీత ఎప్పటిలాగే నేలబారుగా పడుకుంది. కింద మళ్ళీ అచ్చు: "కోడలి సమక్షంలో తీవ్ర కష్టం. కోడలు లేనప్పుడు సుఖం."

ఈసారి నిరుపమే నన్ను పిలిచింది. వెళ్ళేసరికి గోడ మీది అద్దంలో మూడు గీతలు ఒకదాని కింద ఒకటి పెట్టుకుని చూస్తోంది. ఒకటి పోట్లాట రోజులది, ఒకటి మర్యాద రోజులది, ఒకటి వరాలు లేని రోజులది.

"మర్యాదగా ఉన్న రోజుల్లో ఏం జరిగింది?" అని అడిగింది.

అరటిదవ్వ సంగతి చెప్పాను. దానయ్య కాళ్ళు నొక్కుతానన్న సంగతీ చెప్పాను. ఆమె అద్దం దగ్గరికి వెళ్ళి నేలబారు గీత మీద వేలు పెట్టింది.

"నిద్రపోయే పిల్లల గీత కింద ఉన్నా కదులుతూ ఉంటుంది. కలలు వస్తాయి, కడుపు పిలుస్తుంది. ఇది కదలడం లేదు. కాకి అరిచినా, సూది గుచ్చినా కదల్లేదు. మొదటిసారే చూడాల్సింది. ఇది సుఖం కాదు" అంది.

"మరి ఏమిటి?"

"నా మిషనులో దీనికి పేరు లేదు."

బల్ల మీద ఇంకో గీత కూడా ఉంది. అదనంగా ఒక పట్టీ మిగిలితే, పైగదిలో ఉన్న వరాలుకు ఆమే ఊరికే తొడిగిందట. ఆ గీత అద్దం పై అంచు దాటి ఎటో పోయింది. అది చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది.

"ఇది ఫైలులో పెడదాం."

"పెట్టకూడదు. వెళ్ళేవాళ్ళ కష్టం చట్టానికి అక్కర్లేదు. ఉండిపోయే పౌరులదే లెక్క. మీకు తెలియదా?"

తెలుసు. ఆ సెక్షను నాకు కంఠతా వచ్చు. అయినా ఇంకొకరి నోట విన్నప్పుడు బల్ల మీదున్నవన్నీ నేలకేసి కొట్టాలనిపించింది. నిరుపమ తన సంతకంతో ఓ అభిప్రాయం రాసిచ్చింది. ఈ గీతను సుఖమని చదవడం పొరపాటని, ఆ పేరు పెట్టింది తానేనని, దాన్ని వెనక్కి తీసుకుంటున్నానని.

విచారణ చేసిన అధికారి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు కొంత బాగుండేది. పోలమ్మకు కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు, నేను చెప్పినదంతా తల ఊపుతూ విన్నాడు. నిరుపమ కాగితం చదివి పక్కన పెట్టాడు.

"హైమవతి గారూ, తాసు తయారుచేసినవాడు వచ్చి, ఈ ఒక్క బేరానికి నా తాసు నమ్మకండి అంటే మనం ఏం చేస్తాం? ఇప్పటికి కొన్ని వేల కేసులు ఈ గీతతోనే తేల్చాం. ఈవిడకొకటి, వాళ్ళకొకటి పెట్టలేను కదా."

"అయితే ఆ వేల కేసులూ మళ్ళీ చూడాలండి."

"అది నా చేతిలో లేదు" అన్నాడు. తర్వాత రెండో రిపోర్టు తీసి, "కోడలు ఎంతో మర్యాదగా ఉన్నా అత్తగారికి కష్టమే. కోడలు పక్కకు వెళ్తే హాయి. కోడలు లేని అత్త గుణవంతురాలని మన పెద్దవాళ్ళు ఊరికే అన్నారా?" అని నవ్వాడు. గదిలో నలుగురూ నవ్వారు. తీర్పు చెప్పేముందు వాతావరణం తేలిక చేయాలని ఆయన ఉద్దేశం కాబోలు. నేను నవ్వలేదు, నా కలం మూత నా పిడికిలిలో విరిగిపోయింది.

పోలమ్మ చెయ్యి ఎత్తింది. "బాబూ, నానొక మాట సెప్పీదా?"

"చెప్పమ్మా."

"నా కొడుకు పోయినప్పుడు నాను సచ్చిపోదామని తిండి మానీసినాను. అందరూ వొచ్చి ఓదారిసినారు. తినమ్మా, తినమ్మా అన్నారు. తిన్లేదు. ఇది మాత్రం ఒక్క ముద్ద తినమన్లేదు. అరటిదవ్వేసి ఆ దిక్కుమాలిన పులుసు వండి నా ముందరెట్టి, నీకిది వండడం సేతకాదులే అన్నాది. నాకు మండిపోనాది. తిట్టడానికి లెగిసినాను. తిట్టడానికి బలం కావాల కదా బాబూ, అందుకని తిన్నాను. అప్పట్నించీ తింతన్నాను. అది లేపోతే నాను ఎవుల్ని తిట్టాల?"

అధికారి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయనకు ఆ మాట తగిలిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను. ఒక్క క్షణం నాకు ఆశ కూడా కలిగింది. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, ముందున్న అద్దంలోని నీలం గీతను మళ్ళీ ఒకసారి చూశాడు.

"మీ బాధ నాకు అర్థమైందమ్మా" అన్నాడు. "కానీ తిట్టడానికి మనిషి లేకపోవడం మామూలుకు మించిన కష్టం అని నేను రాయలేను. రాస్తే పైవాళ్ళు కొట్టేస్తారు."

వరాలును నెలలోగా తిప్పి పంపాలని ఉత్తర్వు.

బయట మెట్ల మీద నేను ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఎవరినో తిడుతూనే ఉన్నాను. అప్పీలుకు దారి లేదు, రెండోసారి కొలిపించుకోవడంతోనే అది మూసుకుపోయింది. పోలమ్మ కాసేపు విని, "ఓడెప్పుడు?" అంది.

"ఏ ఓడ?"

"రంగం ఓడ. నానూ ఎల్తాను."

రంగూన్‌ను ఆమె ఇంకా పాతకాలం వాళ్ళలా రంగం అనే అంటుంది. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. కళ్ళు కనపడవు, రెండుపూటలా సూది, అక్కడ ఆస్పత్రి ఎక్కడుందో తెలియదు, భాష రాదు. "అక్కడ మీకెవరున్నారు?" అని అడిగాను.

"ఇక్కడెవురున్నారు?"

"మీది ఈ దేశం. మిమ్మల్ని ఎవరూ పొమ్మనలేదు."

"దాన్ని పొమ్మన్నారు కదా. దానితోటి సూది పోతాది, పులుసు పోతాది. దేశం ఒక్కటీ ఉంచుకుని నానేటి సేసుకుందును?"

వరాలు ఒప్పుకోలేదు. ఏడ్చింది, అన్నం మానేసింది, ముసలిదాన్ని మోసుకుని పరాయి దేశంలో ఎక్కడ తిరగమంటారని నా కాళ్ళు పట్టుకుంది. పోలమ్మ ఒకే మాట మీద నిలబడింది. ఇక నాకు మిగిలిన పని ఆమె ప్రయాణ పత్రాలకు దరఖాస్తు పెట్టడమే. ఉండడానికి పత్రాలు వరాలు పెద్దమనిషి అయినప్పటి నుంచి అడుగుతున్నా ఇవ్వలేదు, పోవడానికి పత్రాలు పోలమ్మకు వారం తిరక్కుండా వచ్చేశాయి. వాటి వెనకే ఫైలులోకి ఇంకో వాక్యం చేరింది. "ఆధారపడిన వ్యక్తి వెంట వెళుతున్నందున ఎడబాటు లేదు, కనుక కష్టమనే ప్రశ్నే తలెత్తదు. మూసివేయడమైనది." దాన్ని చదివినప్పుడు కోపం కూడా రాలేదు. అలసటొచ్చింది.

ఓడ బయల్దేరే రోజు సాయంత్రం రేవులో ఎండ ఇంకా దిగలేదు. నిరుపమ కూడా వచ్చింది. తిరిగి వెళ్ళాల్సినవాళ్ళ వరుస పొడుగ్గా ఉంది. అందరి చేతుల్లో మూటలు. ఏడ్చేవాళ్ళు ఏడుస్తున్నారు, చాలామంది ఊరికే నిలబడి ఉన్నారు. పోలమ్మ మణికట్టుకు ఆ పట్టీ ఇంకా ఉంది. కేసు అయిపోయాక తీసేయబోతే, "ఉండనీ, గాజునాగున్నాది" అని చెయ్యి వెనక్కి లాక్కుందట. నిరుపమ చేతిసంచీలో అరచేతి పలక ఒకటి ఉంది. పట్టీ గీత అందులో కనిపిస్తుంది.

నిచ్చెన మెట్ల దగ్గర గొడవ మొదలైంది.

"ఒలే, ఆ మూటలో ఏటున్నాదే అంత బరువు?"

"సింతపండు."

"అంత సింతపండా? ఓడ మునిగిపోతాది."

"అక్కడ దొరకదు. నువ్వు పులుపు లేపోతే ముద్ద దిగదని రోజూ నా పేణం తీసీలేదా? మొయ్యి ఇప్పుడు."

"నానా మొయ్యాల? సిగ్గు లేదే నీకు? గుడ్డిదానికి మూటెత్తుతావా?"

"నోటికి కళ్ళెందుకు? అది బాగానే పన్సేత్తాది. ఆ రెయిలింగు అట్టుకో. అటు కాదు, ఇటు. ఇటే ముసిల్దానా."

"నన్ను ముసిల్దంటావా? రంగంలో దిగనీ, మీ ఊరోలందర్నీ పిలిసి నీ సంగతి సెప్తాను."

"ఏ బాసలో సెప్తావేటి?"

"నువ్వే తిరగేసి సెప్పు. అచ్చరం తప్పితే సంపీత్తాను."

మెట్ల మీదున్న సిపాయి ఇద్దరినీ చూసి పక్కకు జరిగాడు. వరాలు ఒక చంకలో చింతపండు మూట, ఇంకో చేత్తో పోలమ్మ నడుం పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కించింది. ముసలామె తిట్టడం ఆపలేదు. ఎండలో ఆమె మొహం చెమటతో మెరిసిపోతోంది. విచారణ మొదలైన దగ్గర్నుంచి ఆమెలో అంత జీవం నేను చూడలేదు.

నిరుపమ నా మోచెయ్యి తట్టి పలక చూపించింది. నీలం గీత ఎర్రదాన్ని దాటింది. దాటి అక్కడ ఆగలేదు, పైకి, ఇంకా పైకి పోతోంది. దాని కింద మిషను తన పని తాను చేసుకుపోతూ అక్షరాలు వేసింది: "మామూలుకు మించిన కష్టం."

"ఇప్పుడు దాటింది" అంది నిరుపమ.

ఓడ నెమ్మదిగా రేవు వదిలింది. గాలి అటువైపు నుంచి వీస్తుండడంతో, మనుషులు కనిపించకుండా పోయాక కూడా చింతపండు గురించి ఎవరో ఎవరినో తిడుతున్నట్టు వినిపిస్తూనే ఉంది. గీత అలా పైనే ఆడుతూ ఆడుతూ, పట్టీ నుంచి సంకేతం అందనంత దూరం ఓడ వెళ్ళాక, ఒక్కసారిగా కిందికి పడి నేలబారుగా సాగింది. పలక మీద అక్షరాలు మారాయి.

"సుఖం" అని వచ్చింది. నిరుపమ దాన్ని సంచిలో పెట్టలేదు, ఆపలేదు. ఇద్దరం ఆ ఖాళీ నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాం.